శకుని పాచికలు మొదలు మన ఇంటి తెలుగు వరకు: కై వర్గ పరీక్ష కథ

భారతం చదివినవారికీ, హరికథలలో విన్నవారికీ శకుని పాచికలను గురించి వేరే చెప్పనక్కరలేదు. వేసిన పందెమల్లా శకునిదే అయింది. ధర్మరాజు రాజ్యం పోయింది. ఆ సభలో పెద్దలెందరో ఉన్నారు. జూదం వద్దని విదురుడు వారించాడు కూడా. అయినా "ఈ పాచికలు సరియైనవి కావు" అని లెక్క చూపి నిరూపించినవాడు ఒక్కడూ లేకపోయాడు. వరుసగా పది పందేలు గెలిచినవాడు "ఇది నా అదృష్టం" అంటే కాదనడం ఎట్లా? అదృష్టానికి హద్దు ఎక్కడ, మోసానికి మొదలు ఎక్కడ అని కొలిచే సాధనం అప్పుడు లేదు.

ఆ సాధనం 1900 లో లండనులో పుట్టింది. దాని పేరు కై వర్గ పరీక్ష. ఇంగ్లీషువారు కై స్క్వేర్ టెస్టు అంటారు. "కై" అనేది ఒక గ్రీకు అక్షరం, "వర్గం" అంటే ఒక సంఖ్యను అదే సంఖ్యతో గుణించగా వచ్చేది. అంతకు మించి ఆ పేరులో రహస్యమేమీ లేదు. పండుగ సంచికలో ఈ లెక్కల గొడవ ఏమిటని పాఠకులు విసుగు పడవద్దని మనవి. నేను మెట్రిక్యులేషనుతో చదువు ఆపి రైల్వే గుమాస్తాగా చేరినవాణ్ణి. కూడడం, తీసివేయడం, భాగించడం నా నిత్యకృత్యం. ఈ పరీక్షకు కావలసిన గణితం అంతకంటె ఎక్కువ లేదు. పరాయి గడ్డ మీద కొద్ది సంఖ్యలో ఉన్న మనవంటివారికి ఇది ఎంత అవసరమో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మనకెందుకు?

ఒట్టపిడారం, కోవిల్‌పట్టి, విరుదునగరం ప్రాంతాల నల్లరేగడి నేలలో తెలుగు మాట నిన్న మొన్నటిది కాదు. విజయనగర రాజుల కాలంలోను, మధుర నాయకుల కాలంలోను వచ్చి స్థిరపడిన కుటుంబాలు వందల ఏండ్లుగా ఇక్కడ ఉన్నాయి. ఒట్టపిడారానికి సమీపంలోని పాంచాలంకురిచ్చిని ఏలి, 1799 అక్టోబరు 16న కయత్తారులో కంపెనీవారి చేత ఉరితీయబడిన వీరపాండ్య కట్టబొమ్మన తెలుగు మూలంగల వంశంవాడే; ఆయన కొలిచిన దేవత జక్కమ్మ. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారి ఇంటి భాష తెలుగు. ఆయన తమిళంలో వ్రాసి, ఇట్లా వలస వచ్చిన తెలుగు కుటుంబాల కథకే 1991 లో సాహిత్య అకాడమీ బహుమతి పొందారు. ఇక ఉద్యోగాల కోసం, వ్యాపారాల కోసం ఈ మధ్య వచ్చి చేరినవాళ్లం మరికొందరం ఉన్నాం.

పాతవారైనా కొత్తవారైనా నలుగురం కలిస్తే మాట తిరిగి తిరిగి ఒక్క చోటికే వస్తుంది: పిల్లలకు తెలుగు నిలుస్తుందా? ఒకరు, "ఇంట్లో నాయనమ్మో అమ్మమ్మో ఉంటే తప్పక నిలుస్తుంది, మా ఇల్లే సాక్ష్యం" అంటారు. ఇంకొకరు, "మా అత్తగారు ఇంట్లోనే ఉన్నారు, అయినా మావాడికి ఒక్క ముక్క రాదు" అంటారు. వేరొకరు బడిని తప్పు పడతారు, మరొకరు టెలివిజనును తప్పు పడతారు. అందరూ నిజమే చెబుతారు. అయినా సంగతి తేలదు. ఎందుకంటే ఒక ఇంటి ఉదాహరణ ఎంత నిజమైనా, పది ఇండ్ల సంగతి అది చెప్పలేదు. పది ఇండ్లు లెక్కించినా, వచ్చిన తేడా నిజంగా ఉన్నదో, పాచికలు పడ్డట్టు ఊరికే అట్లా పడిందో తెలియాలి గదా! ఇక్కడే శకుని ప్రశ్న మన గుమ్మంలోకి వస్తుంది.

రకాల లెక్క

లోకంలో లెక్కలు రెండు విధాలు. ఒకటి కొలత: బస్తా బరువు ఎన్ని కిలోలు, బండి ఎన్ని నిమిషాలు ఆలస్యం అనేవి. రెండవది రకం: పార్సిలు చేరిందా, చేరలేదా, కూజా పగిలిందా, నిలిచిందా, ప్రయాణికుడికి టికెట్టు ఉన్నదా, లేదా. రెండవ విధం లెక్కలో సరుకును తూచము. గడులు గీసి, ఏ గడిలో ఎన్ని పడ్డాయో ఎంచుతాము. పిల్లవాడికి తెలుగు వచ్చునా రాదా, జబ్బు వచ్చిందా రాలేదా, పుట్టినది ఆడా మగా, ఇవన్నీ రకాల లెక్కలే. మనుష్యులను గురించి మనం అడిగే ప్రశ్నలలో చాలా భాగం ఇటువంటివే. కై వర్గ పరీక్ష ఈ గడుల లెక్కకు పుట్టిన తరాజు.

ఈ తరాజు కట్టినవాడు కార్ల్ పియర్సన్. 1857 లో లండనులో పుట్టి, అక్కడి యూనివర్సిటీ కాలేజీలో ఆచార్యుడుగా ఉన్నాడు. ఆయన మిత్రుడు వెల్డన్ అనే జంతుశాస్త్రజ్ఞుడు. ఈ వెల్డన్ ఓపిక మెచ్చుకోదగినది. 12 పాచికలను ఒక్కసారిగా చేర్చి 26,306 సార్లు వేసి, ప్రతిసారీ ఎన్ని పాచికల మీద అయిదుగాని ఆరుగాని పడిందో వ్రాసిపెట్టాడు. అంటే మొత్తం 3,15,672 పాచికలు పడ్డాయన్నమాట. పాచిక సరియైనదైతే ఆరు ముఖాలలో రెండు గనుక మూడింట ఒక వంతు, అనగా 1,05,224 సార్లు అయిదో ఆరో పడాలి. పడినవి 1,06,602. తేడా 1,378.

మూడు లక్షల పైచిలుకు వేతలలో 1,378 తేడా పెద్దదా, చిన్నదా? చూపుకు చిన్నదే. నూటికి అర పాలు కూడా లేదు. పియర్సన్ 1900 నాటి తన వ్యాసంలో ఈ పాచికలనే ఒక ఉదాహరణగా తీసుకొన్నాడు. ఆయన విధానం ఇది: ప్రతి గడికీ ఉన్న సంఖ్య, ఉండదగిన సంఖ్య రెండూ వ్రాయి. ఒకదానిలోనుంచి ఒకటి తీసివేయి. వచ్చిన తేడాను వర్గం చేయి. దానిని ఉండదగిన సంఖ్యతో భాగించు. అన్ని గడులకూ ఇట్లాగే చేసి కూడు. ఆ మొత్తమే కై వర్గం.

వర్గం ఎందుకంటే, ఒక గడిలో ఎక్కువైనది ఇంకొక గడిలో తక్కువ అవుతుంది. ఊరికే కూడితే రెండూ కొట్టివేసుకొని సున్న వస్తుంది. భాగించడం ఎందుకంటే, ఇరవై బస్తాలు రావలసిన చోట పది తగ్గితే గగ్గోలు. రెండు వేలు రావలసిన చోట పది తగ్గితే అంత గగ్గోలు లేదు. తేడా బరువు, ఉండదగిన దానిని బట్టి ఉంటుంది.

వెల్డన్ పాచికలను "అయిదో ఆరో పడినవి, పడనివి" అని రెండే గడులు చేసి చూస్తే కై వర్గం సుమారు 27 వస్తుంది. సరియైన పాచికలకు ఇంతటి తేడా అర కోటి ప్రయత్నాలలో ఒక్కసారి కూడా రావడం కష్టం. కాబట్టి ఆ పాచికలు సరిసమానమైనవి కావు. ఎవరూ మోసం చేయలేదు. పాచిక మీద చుక్కలకు గుంటలు తొలుస్తారు గనుక, ఎక్కువ గుంటలున్న ముఖం కాస్త తేలికై పైకి తేలుతుందని చెబుతారు. కంటికి ఆనని తేడాను తరాజు పట్టి ఇచ్చింది.

కలరా పట్టీ

పాచికల మీద పుట్టిన విద్య త్వరలోనే ప్రాణాల మీదికి వచ్చింది. కలరాకు టీకా కనిపెట్టిన హాఫ్‌కిన్ అనే యూదు శాస్త్రజ్ఞుడు 1892 లో మొదట తనకే ఆ మందు ఎక్కించుకొని, 1893 లో మన దేశానికి వచ్చాడు. 1894 లో కలకత్తా బస్తీలలో టీకాలు వేశాడు. టీకా పనిచేస్తుందని కొందరు, లేదని కొందరు ఏండ్ల తరబడి వాదించారు. 1915 లో ఇంగ్లండులో గ్రీన్‌వుడ్, యూల్ అనే ఇద్దరు పండితులు కలరా, టైఫాయిడు టీకాల లెక్కలను కై వర్గంతో తూచి చూచారు. గ్రీన్‌వుడ్ మొదటి పేరు మేజర్; అది సైన్యపు హోదా కాదు, తల్లిదండ్రులు పెట్టిన పేరే! వారు పరిశీలించిన ఒక కలరా పట్టీ ఇట్లా ఉన్నది:

టీకా వేయించుకొన్నవారు 279: జబ్బు వచ్చినది 3, రానిది 276.
టీకా వేయించుకోనివారు 539: జబ్బు వచ్చినది 66, రానిది 473.
మొత్తం 818: జబ్బు వచ్చినది 69, రానిది 749.

ఇప్పుడు పాఠకులు కాగితం, పెన్సిలు తీసుకోవచ్చు. టీకాకూ జబ్బుకూ ఏ సంబంధమూ లేదని ముందుగా అనుకొందాం. అప్పుడు 818 మందిలో 69 మందికి జబ్బు వచ్చింది గనుక, అదే పాలు చొప్పున టీకా వేయించుకొన్న 279 మందిలో ఎందరికి రావాలి? 279 ని 69 చేత గుణించి 818 చేత భాగిస్తే 23.5 వస్తుంది. వచ్చినది మూడు మాత్రమే. తేడా ఇరవై పైన. మొత్తాలు మారవు గనుక మిగిలిన మూడు గడులలోను ఇదే తేడా, ఒక చోట ఎక్కువగా, ఒక చోట తక్కువగా కనబడుతుంది. నాలుగు గడులకూ వర్గం, భాగహారం చేసి కూడితే 29.7 తేలుతుంది. సంబంధమే లేకపోతే ఇంత తేడా ఊరికే రావడం కోటికి ఒక్కసారి కూడా జరగదు.

ఇక్కడ గ్రీన్‌వుడ్, యూల్ ఆగిపోలేదు. తరాజు ఏం చెప్పింది, ఏం చెప్పలేదు అని కూడా విచారించారు. తేడా యాదృచ్ఛికం కాదని తరాజు చెప్పింది. కాని ఆ తేడాకు కారణం టీకాయేనని అనాలంటే, టీకా వేయించుకొన్నవారూ వేయించుకోనివారూ మిగతా అన్ని విధాల ఒకే తీరువారై ఉండాలి. శుభ్రమైన నీరు తాగేవారే ముందుగా వచ్చి టీకా వేయించుకొంటే, మేలు చేసినది టీకానో నీళ్లో ఎట్లా తెలుస్తుంది? ఈ హెచ్చరిక నూరేండ్లు దాటినా పాతబడలేదు.

ఒక్క గడి స్వేచ్ఛ

పియర్సన్ తరాజులో ఒక లోపం ఉండిపోయింది. కై వర్గం ఎంత వస్తే పెద్దది అనాలి? గడులు ఎక్కువైతే మొత్తం కూడా సహజంగా పెరుగుతుంది గనుక గడుల సంఖ్య చూచుకోవాలి. నాలుగు గడుల పట్టీకి మూడు గడులు స్వేచ్ఛగా మారవచ్చునని పియర్సన్ లెక్క. గ్రీన్‌వుడ్, యూల్‌లకే ఇందులో అనుమానం తగిలింది. రెండు దారుల్లో చేస్తే రెండు జవాబులు వస్తున్నాయి. 1922 లో రొనాల్డ్ ఫిషర్ అనే యువ పండితుడు, స్వేచ్ఛ మూడు గడులకు కాదు, ఒక్క గడికే అన్నాడు.

ఇది మాత్రం మా గుమాస్తాలకు ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. అడ్డ వరుసల మొత్తాలు, నిలువు వరుసల మొత్తాలు వ్రాసి ఉన్న నాలుగు గడుల పట్టీ ఇచ్చి, ఒక్క గడి నింపమనండి. ఆ ఒక్కటి నింపగానే మిగిలిన మూడూ తీసివేతలతో వాటంతట అవే నిండిపోతాయి. ఇక మనం ఇష్టం వచ్చినట్లు వ్రాయడానికి ఏమీ మిగలదు. పైన కలరా పట్టీలో నాలుగు తేడాలూ ఒకటే కావడానికి కారణం ఇదే. దీనినే పండితులు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడం అంటారు, అనగా స్వేచ్ఛగా నింపదగిన గడుల సంఖ్య.

పియర్సన్ ఒప్పుకోలేదు. పత్రికలలో కటువుగానే జవాబిచ్చాడు. యూల్ మాటలు కట్టిపెట్టి, సంబంధం లేని 350 పట్టీలను యాదృచ్ఛికంగా తయారుచేసి కై వర్గం లెక్కించి చూచాడు. సగటు ఒకటికి దగ్గరగా వచ్చింది, మూడుకు కాదు. తరువాత పియర్సన్ కుమారుడు ఈగన్ వేరొక పనికోసం ఇటువంటి పట్టీలు సుమారు పన్నెండు వేలు ప్రకటించగా, ఫిషర్ 1926 లో ఆ కుమారుడి పట్టీల నుంచే సగటు ఒకటి అని చూపించాడు. తండ్రి వాదానికి కొడుకు లెక్కే జవాబైంది. గొంతు పెద్దది చేయడం వల్ల కాక, లెక్కించి చూడడం వల్ల తగవు తీరిన సందర్భం ఇది. సంఘాలు నడిపేవారు గుర్తుంచుకోదగినది.

ఆనాటి నుంచి నాలుగు గడుల పట్టీకి ఒక హద్దు వాడుకలో ఉన్నది: 3.84. ఏ సంబంధమూ లేకపోయినా ఊరికే ఇంతకు మించి రావడం నూటికి అయిదు సార్లు మాత్రమే. కాబట్టి కై వర్గం 3.84 దాటితే, తేడా యాదృచ్ఛికమని అనుకోవడం కష్టమంటారు. ఇది దేవుడు గీసిన గీత కాదు, మనుష్యులు సౌకర్యానికి పెట్టుకొన్న గీత. ఇరవై రకాల సంగతులు తరాజులో పెడితే ఒకటి ఊరికే గీత దాటుతుందని కూడా మరవరాదు.

ఈ కథలో తెలుగువాడు

ఫిషర్ దగ్గర కేంబ్రిడ్జిలో శిష్యుడుగా ఉండి 1948 లో డాక్టరేటు పొందినవారిలో మన తెలుగువారు కల్యంపూడి రాధాకృష్ణారావు గారు ఒకరు. 1920 సెప్టెంబరు 10న హడగళిలో పుట్టారు. ఆ ఊరు అప్పుడు మద్రాసు రాజధానిలోని బళ్లారి జిల్లాలో ఉండేది, ఇప్పుడు కర్ణాటకలో ఉన్నది. ఎనిమిదవ సంతానం గనుక కృష్ణుడి పేరు పెట్టారు. తండ్రి పోలీసు శాఖలో ఉద్యోగి. బదిలీల వెంట పిల్లవాడి చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణాలలో సాగింది. రైల్వే కుటుంబాల పిల్లలకు ఈ బదిలీ చదువులు కొత్త కాదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితంలో ఎం. ఏ. చేసి, సైన్యపు సర్వే శాఖలో ఉద్యోగం కోసం కలకత్తా వెళితే ఆ ఉద్యోగం రాలేదు. కాని అక్కడ కలిసిన ఒకాయన, ప్రశాంతచంద్ర మహలనోబిస్ 1931 లో స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందుతున్నాడు. ఆ మాట పట్టుకొని వెళ్లి, 1941 జనవరిలో రావుగారు అందులో చేరారు. రాని ఉద్యోగం దేశానికి ఎంత మేలు చేసిందో చూడండి.

1945 లో, ఇరవై అయిదేండ్లు నిండీ నిండకముందే, ఆయన ప్రకటించిన ఒక వ్యాసం ఆయన పేరును ప్రపంచమంతటా పాఠ్యగ్రంథాలలో నిలిపింది. 1946 లో కేంబ్రిడ్జికి వెళ్లి, సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వి తీసిన ప్రాచీన మానవుల ఎముకల కొలతలను అక్కడి మ్యూజియంలో పరిశీలించే పని చేశారు. ఆ పని చేస్తూనే ఫిషర్ దగ్గర పరిశోధన సాగించారు. 1948 లో ఆయన చెప్పిన పరీక్షా విధానాన్ని పండితులు రావు స్కోర్ పరీక్ష అంటారు. మన కథకు ముఖ్యమైన సంగతి ఇదే: పియర్సన్ 1900 లో పాచికల కోసం కట్టిన తరాజు, రావుగారి విశాల సూత్రంలో ఒక ప్రత్యేక సందర్భంగా ఇమిడిపోయింది. విడిగా ఉన్న ఒక ఉపాయం, ఒక పెద్ద శాస్త్రపు కొమ్మ అయింది. రావుగారు 2001 లో పద్మవిభూషణ్, 2023 లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి పొంది, ఆ ఏడే ఆగస్టు 22న అమెరికాలో, 102 ఏండ్ల వయస్సులో కన్నుమూశారు. ఆయనా వలసపోయిన తెలుగువాడే గదా!

తరాజు మంచిదే, తూచే చెయ్యి?

ఇంతవరకు చెప్పినది ఒక పక్క. రెండవ పక్క చెప్పకపోతే వలస వచ్చినవారికి అన్యాయం అవుతుంది. ఇంత గొప్ప తరాజు కట్టిన కార్ల్ పియర్సన్, మనుష్య జాతులలో ఎక్కువ తక్కువలున్నాయని నమ్మినవాడు. 1925 లో మార్గరెట్ మౌల్ అనే సహాయకురాలితో కలిసి ఒక దీర్ఘ వ్యాసం ప్రకటించాడు. రష్యా, పోలండు దేశాల నుంచి లండనుకు వలస వచ్చిన యూదుల పిల్లలను బడిలో పరీక్షించి, కొలిచి, అంకెలు పేర్చి, వీరు స్థానికులకంటె సగటున తక్కువవారని తీర్పు చెప్పి, ఇటువంటి వలసను అరికట్టాలని వాదించాడు. కలరా టీకా తెచ్చి మన దేశంలో లక్షల మందికి మేలు చేసిన హాఫ్‌కిన్ కూడా రష్యా సామ్రాజ్యంలో పుట్టిన యూదుడే అన్న సంగతి ఆ అంకెలలో ఎక్కడా కనబడదు. పియర్సన్ పేరు పెట్టిన భవనానికి 2020 లో ఆ కాలేజీవారే పేరు తీసివేశారు.

దీని వల్ల మనం నేర్చుకోవలసినది లెక్కను అసహ్యించుకోవడం కాదు. గడులు ఎవరు గీశారు, ఎవరిని ఎంచారు, ఎవరితో పోల్చారు అని ముందుగా అడగడం. కొత్త దేశంలో ఇరుకు ఇండ్లలో ఉండే పేద పిల్లలను, తరతరాలుగా పాతుకొన్నవారి పిల్లలతో పోల్చి, తేడా అంతా రక్తంలో ఉన్నదంటే తరాజుది తప్పు కాదు, తూచినవాడిది తప్పు. ఇతరులు మనలను ఎంచే వరకు కూర్చోక, మనలను మనమే సరిగా ఎంచుకొంటే ఇటువంటి మాటలకు జవాబు చెప్పగలం.

మన ఇంటి పట్టీ

ఇక నాయనమ్మ సంగతికి వద్దాం. ఒక ఊహాలెక్క వేస్తాను; ఇది ఏ ఊరినీ ఎంచి తెచ్చినది కాదు. నాయనమ్మో అమ్మమ్మో ఉన్న ఇండ్లు 20, లేని ఇండ్లు 20 తీసుకొన్నామనుకొందాం. మొదటి వాటిలో 14 ఇండ్ల పిల్లలు, రెండవ వాటిలో 10 ఇండ్ల పిల్లలు తెలుగు మాట్లాడుతున్నారనుకొందాం. నూటికి 70, నూటికి 50! వేదిక మీద ఈ అంకెలు చదివితే చప్పట్లు మోగుతాయి. తరాజులో పెట్టి చూడండి. మొత్తం 40 ఇండ్లలో 24 ఇండ్లు మాట్లాడేవి; సంబంధం లేకపోతే ప్రతి వైపునా 12 ఉండాలి. తేడా రెండు. నాలుగు గడులకూ కలిపి కై వర్గం 1.67. హద్దు 3.84. అంటే ఈ తేడా ఊరికే కూడా రాగలదు. చప్పట్లు కొట్టడం తొందరపాటు. నాయనమ్మ వల్ల మేలు లేదని దీని అర్థం కాదు. ఇంత కొద్ది ఇండ్లతో ఆ సంగతి తేలదని మాత్రమే.

అవే పాళ్లతో 200 ఇండ్లు, 200 ఇండ్లు ఎంచామనుకొందాం: 140, 100. నూటికి అవే 70, అవే 50. కాని ఇప్పుడు కై వర్గం 16.7. హద్దు ఎన్నడో దాటిపోయింది. శాతం మారలేదు, సాక్ష్యం బలం పది రెట్లు పెరిగింది. అందుచేత ఎవరైనా వచ్చి "నూటికి ఇంత" అని చెబితే, "ఎందరిని ఎంచితే?" అని అడగడం మరవవద్దు. శాతం ముఖం మాత్రమే చూపుతుంది, వెనుక ఎందరున్నారో దాచిపెడుతుంది.

నిజంగా మన ఇండ్లను ఎంచాలంటే కొన్ని జాగ్రత్తలు అవసరం. మొదటిది: ఒక ఇంటి నుంచి ఒక్క పిల్లవాడినే తీసుకోవాలి. అన్న మాట్లాడితే తమ్ముడూ మాట్లాడతాడు. ఇద్దరినీ వేరు వేరుగా లెక్కిస్తే ఒకే సాక్ష్యాన్ని రెండు సార్లు వ్రాసినట్లు. రెండవది: సంవత్సరాదికి వచ్చినవారిని మాత్రమే ఎంచితే లాభం లేదు. తెలుగు మీద అభిమానం ఉన్నవారే పండుగకు వస్తారు. రానివారి గుమ్మం కూడా తొక్కాలి. మూడవది: "తెలుగు వచ్చు" అంటే ఏమిటో ముందుగానే నిర్ణయించుకోవాలి. మాట్లాడడమా, అర్థం చేసుకోవడమా, చదవడమా? ఇక్కడి పాత కుటుంబాల తెలుగులో తమిళ మాటలు కలిసి ఉండవచ్చు. అది చూచి "ఇది తెలుగు కాదు" అని గడి మార్చేవాడు పియర్సన్ చేసిన పనే చేస్తున్నాడు. నాలుగవది: ఏ గడికైనా ఉండదగిన సంఖ్య అయిదుకంటె తక్కువైతే ఈ తరాజు సరిగా పలకదు, ఇండ్లు మరికొన్ని చేర్చాలి. అయిదవది: తరాజులో శాతాలు పెట్టరాదు, ఎంచిన తలలనే పెట్టాలి.

ఇంత చేసినా, గ్రీన్‌వుడ్, యూల్ చెప్పిన హెచ్చరిక ఉండనే ఉన్నది. నాయనమ్మ ఉన్న ఇండ్లలో తెలుగు ఎక్కువని తేలితే, అది ఆమె చెప్పే కథల వల్లనా, లేక పెద్దలను దగ్గర పెట్టుకొనే ఇండ్లకు ఊరితో రాకపోకలు ఎక్కువగా ఉండడం వల్లనా అన్నది వేరే విచారించాలి. పల్లె ఇండ్లను పల్లె ఇండ్లతోను, పట్టణపు ఇండ్లను పట్టణపు ఇండ్లతోను విడివిడిగా పోల్చి చూస్తే కొంత తెలుస్తుంది.

ప్రభుత్వం వారి జనాభా లెక్కలలో మాతృభాష గడి ఒకటి ఉన్నది. 2011 లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాష అని చెప్పినవారు నూటికి దాదాపు ఆరుగురు. కాని ఆ ఆరుగురి పిల్లలలో ఎవరికి భాష నిలుస్తున్నది, ఎక్కడ జారుతున్నది అనే సంగతి ఆ ఒక్క గడి చెప్పలేదు. అది మనమే తెలుసుకోవాలి. సంఘానికి ఉన్న నిధి కొద్దిది. ఆదివారపు తెలుగు తరగతి పెట్టాలా, పుస్తకాలు పంచాలా, వేసవిలో పిల్లలను తెలుగు ఊళ్లకు పంపాలా అని ప్రతి ఏడూ వాదించుకొని, గొంతు పెద్దదైనవారి మాటకు ఓటు వేస్తున్నాం. దేని వల్ల మేలున్నదో తెలియకుండా ఖర్చుపెట్టిన డబ్బు పోతే మళ్లీ వస్తుంది. తెలుగు వినకుండా పెరిగిపోయిన పిల్లవాడి బాల్యం మళ్లీ రాదు.

కాబట్టి సంఘం పెద్దలకు నా విన్నపం ఒకటే. ఊరికి ఇద్దరు యువకులు, చేతికి ఒక నోటు పుస్తకం, అడగవలసినవి నాలుగైదు ప్రశ్నలు. పేర్లు వ్రాయనక్కరలేదు, గడిలో గీత గీస్తే చాలు. వచ్చే సంవత్సరాదికి ఒట్టపిడారం, కోవిల్‌పట్టి, విరుదునగరం పట్టీలు మూడూ ఒక చోట చేరితే, కూడడానికీ భాగించడానికీ నావంటి గుమాస్తాలు సిద్ధంగా ఉన్నారు. ఆ లెక్కలో మన కోరికకు విరుద్ధమైన ఫలితం వచ్చినా దాచకుండా ఈ సంచికలోనే అచ్చువేయాలి. ఈ పండుగ నాడు షడ్రుచులలో చేదును కూడా ఇష్టంగానే తీసుకొంటాం గదా! పాఠకులకందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.